కోనసీమలో మా పథ్యయాత్ర

గౌతమీ వసిష్ఠాశాఖల నడుమ, దక్షిణమున సముద్రము హద్దుగా, కొబ్బరితోటలతోను వరిచేలతోను నిండియున్న కోనసీమను గూర్చి సోదరీమణులు వినియే యుందురు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువనీరు పాఱి యీ సీమ అన్నపూర్ణకు నిలయమైనది. 2022 ఏప్రిల్ నెలలో అమలాపురము ముఖ్యపట్టణముగా ప్రత్యేకజిల్లా యైనది. ఇచ్చటి ప్రకృతిశోభను వర్ణించుటకు మే మీ వ్యాసము వ్రాయుట లేదు. ఒక పసిదాని పథ్యము మేమెఱిగిన సీమనే మాకు క్రొత్తగా చూపినది. ఆ సంగతి మనవి చేయదలచితిమి.

మా చిన్నకూతునకు తొమ్మిదేండ్లు. రెండేండ్ల క్రిందట అది యెంత తిన్నను ఒడలు పట్టక, మాటిమాటికి కడుపుబ్బి, రక్తహీనతచే పాలిపోయి యుండెడిది. వైద్యులు రక్తమును, చిన్నప్రేవునుండి తీసిన తునుకను పరీక్షించి సీలియాక్ అను వ్యాధి యని నిర్ణయించిరి. గోధుమ, బార్లీ, రై ధాన్యములలో గ్లూటెన్ అను మాంసకృత్తు గలదు. ఈ వ్యాధి గలవారు దానిని తిన్నచో, దేహమును రక్షింపవలసిన శక్తియే తిరుగబడి, చిన్నప్రేవులలో ఆహారసారమును గ్రహించు నూగును పాడుచేయును. 1944-45 శీతకాలమున హాలండు దేశమున కరవు వచ్చి రొట్టె దొరకనపుడు ఇట్టి పిల్లలు తేరుకొనుటను డికె అను వైద్యుడు గమనించి, 1950లో తన సిద్ధాంతగ్రంథమున గోధుమ దోషమును వెల్లడించెను. నేటికిని దీనికి పథ్యమే చికిత్స, అదియు బ్రదికినంతకాలము.

“అన్నము తినెడు దేశమున పుట్టిన పిల్లకు గోధుమ మానుట యొక కష్టమా?” అని పలువురు మమ్మడిగిరి. మేమును మొదట నట్లే తలచితిమి. శ్రీనాథమహాకవి పలనాటికేగి, సన్నన్నము దొరకక జొన్నకూటితో విసిగెనని చాటువులు చెప్పుచున్నవి. మా పిల్ల బెంగ దానికి విపరీతము. ఏకాదశినాడు ఇంటిల్లిపాదియు అన్నము మాని గోధుమరవ్వ ఉప్మా తినుచుండగా అది యొక్కతెయు పెరుగన్నము తినవలెను. పెండ్లింట బొబ్బట్లు, కజ్జికాయలు, సేమ్యాపాయసము, బడిలో తోడిపిల్లల బిస్కత్తులు, అన్నియు దానికి నిషిద్ధములే. పులిహోరయైన నిర్భయముగా పెట్టుదమన్నచో, అంగడిలో దొరకు ఇంగువపొడిలో పలుమారు గోధుమపిండి కలిసియుండును. డబ్బాపై అచ్చువేసిన అక్షరములను చదువనిదే మేమేదియు కొనము.

వీని నన్నిటిని మించినది మఱియొకటి. గతసంవత్సరము అన్నవరము సత్యనారాయణస్వామి దర్శనమునకు పోయితిమి. అచ్చటి ప్రసాదము గోధుమనూకతో, నేతితో చేసి ఆకులో పెట్టి యిత్తురు. పిల్ల చేయి చాచినది. మేమా చేతిని పట్టి వెనుకకు లాగితిమి. అది యేడ్వలేదు. కాని నాటినుండి ఏ గుడిలోను చేయి చాచుట మానినది. చక్రపొంగలి పెట్టుచున్నను రెండు చేతులును వెనుక కట్టుకొని నిలుచుండెడిది. ఈ సంగతి మా మనస్సున ముల్లువలె నుండిపోయినది.

గతసంక్రాంతి సెలవులలో, రాజోలున నున్న మా దొడ్డమ్మగారింటికి పిల్లలతో బయలుదేరితిమి. రాజమహేంద్రవరమునుండి ధవళేశ్వరము బ్యారేజి దాటి, బొబ్బర్లంక మీదుగా ముందు ఆత్రేయపురము చేరితిమి. ఇచ్చటి పూతరేకులకు 2023లో భౌగోళికగుర్తింపు లభించినది. ఒక యింటి వసారాలో నొక యిల్లాలు రేకులు తీయుచుండెను. నానిన బియ్యమును మెత్తగా రుబ్బి, పాలవలె పలుచగా కలిపి, అందు గుడ్డను ముంచి, మంటమీద బోర్లించిన కుండపై నొక్కసారి ఈడ్చినంతనే తెల్లని పొర యొకటి యేర్పడి లేచివచ్చును. “ఇందులో మఱి యే పిండియైన కలుపుదురా?” అని మేమడుగగా ఆమె నవ్వి, “బియ్యపునీళ్లు తప్ప మఱేమీ లేవమ్మా” అనెను. నేయి, బెల్లము చేర్చి చుట్టిన రేకును మా పిల్ల చేతికిచ్చెను. పిల్ల మాత్రము మా మొగము చూచినది. మేము తల యూపినపిదపనే నోట పెట్టుకొన్నది.

కొత్తపేట దాటి అంబాజీపేటలో పొట్టిక్కలు తింటిమి. పనసాకులను దొప్పగా కుట్టి, మినప్పిండియు బియ్యపురవ్వయు కలిపిన పిండిని పోసి ఆవిరిపై నుడికించిన యిడ్డెనలవి. ఆకు వాసన వానికి పట్టియుండును. పిల్ల మూడు తిన్నది. పిమ్మట గన్నవరము అక్విడక్టుమీద వైనతేయను దాటి చీకటిపడువేళకు రాజోలు చేరితిమి.

దొడ్డమ్మగారు మాకొఱకు పూర్ణపుబూరెలు వండించి యుంచిరి. పైపూత మినుములు, బియ్యము. లోపల సెనగపప్పు, బెల్లము. దోషమేమియు లేదు. కాని ఆ మూకుటనే, ఆ నూనెలోనే, ముందుగా మైదాకాజాలు వేగినవని వంటమనిషి మాటలవలన తెలిసినది. రవ్వంత తగిలినను ఈ పిల్లకు కీడే. ఇంతచేసి పెట్టిన పెద్దామెతో నెట్లు చెప్పుటయని మేము నోరు మెదపలేకపోయితిమి. తుదకు చెప్పక తప్పినది కాదు. ఆమె రవ్వంతయు నొచ్చుకొనలేదు. “దీనికింత సంకోచమెందుకే తల్లీ? మడికి వేఱుగిన్నె, వేఱుగరిటె పెట్టుకొన్న చేతులే గదా యివి! ఇదియు నొక మడి యనుకొందము” అని వేఱుమూకుడు దింపి, క్రొత్తనూనె పోసి మరల పొయ్యి రాజేయించిరి. పుస్తకములలో పుటలకొలది చదివినను మాకు తోచని మాట యది.

పిల్ల కాజాల పళ్లెమువంక చూచుచు, “అమ్మమ్మా! బియ్యప్పిండితో కాజా చేయరాదా?” అని యడిగినది. దొడ్డమ్మగారు బుజ్జగింపుమాట చెప్పలేదు. “రాదమ్మా. తాపేశ్వరము మడతకాజాకు సాగెడి పిండి కావలెను. బియ్యప్పిండి విఱుగునే గాని సాగదు” అనిరి. నీరు పోసి మర్దించినపుడు గోధుమపిండికి సాగుడు నిచ్చునదే గ్లూటెన్. పిల్లకు శత్రువైనదియు నదే. కాజాకును బొబ్బట్టునకును సరియైన ప్రత్యామ్నాయము లేదని మేమొప్పుకొనక తప్పదు. పిల్ల తల యూపినది. నిజము చెప్పినందుకేమో, దాని మొగమున చిన్నపాటు కనబడలేదు.

మఱునాడు ఆ యింట సత్యనారాయణవ్రతము. ప్రసాదమునకు గోధుమరవ్వ తీయబోవు కోడలిని దొడ్డమ్మగారు వారించి, బియ్యపురవ్వ తెమ్మనిరి. మేము తెల్లబోయి, “వ్రతమునకు లోపము రాదా?” అంటిమి. ఆమె మా చేతికి వ్రతకల్పము నిచ్చి, “కథ చదువునది నీవే గదా” అనిరి. అందు ప్రసాదవిధి చెప్పినచోట గోధుమపిండి, అది లేనిచో బియ్యప్పిండి యని స్పష్టముగ నున్నది! చిన్ననాటినుండి ఎన్నిసార్లో బిగ్గరగా చదివిన వాక్యమది. చదివితిమే గాని వినలేదు.

హారతి యైన పిదప బియ్యపురవ్వయు, బెల్లమును, నేయియు, అరటిపండును కలిపిన ప్రసాదము పంచుచుండగా పిల్ల అలవాటు చొప్పున చేతులు వెనుక కట్టుకొని నిలిచినది. “చేయి పట్టవే” యని దొడ్డమ్మగారనిరి. పిల్ల మావంక చూచినది. మేము తల యూపితిమి. అపుడు కుడిచేయి చాచి, ప్రసాదమును కన్నుల కద్దుకొని తిని, మరల చేయి చాచినది.

సోదరీమణులారా! మీ యింటికి వచ్చిన బిడ్డ యిట్టి పథ్యము చెప్పినచో చాదస్తమని తలపకుడు. వేఱుగరిటె యొకటి, క్రొత్తనూనె కొంచెము, ఇంగువడబ్బాపై నొక చూపు — ఇంతమాత్రముననే యా బిడ్డ మీ పంక్తిలో కూర్చుండి నిర్భయముగ భుజింపగలదు.