ఇరవయ్యేడో వరుస

"ఏమిట్రా, ఒంట్లో బాగోలేకపోతే నిన్ను కొండ మీద వదిలేసి మీ ఆవిడ పైకెళ్ళిపోయిందటగా?"

2023 అక్టోబరులో మేమిద్దరం ఎవరెస్ట్ బేస్ క్యాంపుకి నడిచివెళ్ళాం. (అంటే, ఇద్దరం బయల్దేరాం.) అప్పట్నుంచీ ఏ పెళ్ళికెళ్ళినా, ఏ గృహప్రవేశానికెళ్ళినా నాకీ ప్రశ్న తప్పడం లేదు. నవ్వేసి ఊరుకునేవాణ్ణి. మొన్నామధ్య ఒక పెద్దాయన అదే మాట మా ఆవిడ ఎదురుగానే అన్నాడు. తను ఏమీ అనలేదు, మజ్జిగ తెస్తానని లేచి లోపలికెళ్ళిపోయింది. ఇక లాభం లేదని జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ నడక నేపాల్లోని లుక్లా అనే ఊళ్ళో మొదలవుతుంది. అక్కడి విమానాశ్రయం రన్‌వే పొడవు 527 మీటర్లు. ఒక చివర కొండ, రెండో చివర లోయ, మధ్యలో ఏటవాలు. విమానం ఆగాక అందరూ చప్పట్లు కొడతారు, మేమూ కొట్టాం. లుక్లా ఎత్తు 2,860 మీటర్లు, బేస్ క్యాంపు 5,364. మధ్యలో రోడ్డు లేదు. మనుషులైనా, గ్యాస్ సిలిండర్లైనా, బియ్యం బస్తాలైనా నడకదారినే పోవాలి. వెళ్ళిరావడానికి సుమారు 130 కిలోమీటర్లు.

ఇంతకీ ప్లానంతా నాదే. పన్నెండేళ్ళ నుంచి రిలీజులు ప్లాన్ చేసేవాణ్ణి, ఒక కొండ నడకని చెయ్యలేనా? ఎక్సెల్ షీటు తెరిచాను. రోజువారీ దూరం, పడుకునే ఊరి ఎత్తు, ఖర్చు, మందులు, ఎవరి బ్యాగులో ఏముందో... చివర్లో 'ఏమైనా అయితే' అని ఒక భాగం. విమానం రద్దయితే ఏం చెయ్యాలి, బూట్లు తెగితే ఏం చెయ్యాలి, అన్నీ రాశాను. అందులో ఇరవయ్యేడో వరుస గురించి తర్వాత చెప్తా.

ఎత్తుకెళ్ళేకొద్దీ ఆక్సిజన్ శాతం తగ్గుతుందనుకుంటాం. నిజానికి గాలిలో అది అక్కడా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. బేస్ క్యాంపు దగ్గరికొచ్చేసరికి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే ఉంటుంది. అంటే ఒక్కో శ్వాసకీ ఒంటికి అందేది సగం అన్నమాట. శరీరం దీనికి అలవాటు పడుతుంది కానీ దానికి రోజులు పడతాయి. అందుకే 3,000 మీటర్లు దాటాక, ఈరోజు పడుకునే చోటు నిన్నటికంటే 500 మీటర్లకి మించి ఎత్తులో ఉండకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఒకే ఊళ్ళో రెండు రాత్రులు గడపాలనీ నియమం. ఇదంతా నాకు తెలుసు. షీట్లో మొదటి పేజీలోనే రాసుకున్నాను కూడా.

మొదటి రోజులు హాయిగా గడిచాయి. నాంచే బజార్‌లో (3,440 మీ.) రెండు రాత్రులున్నాం. మధ్య రోజు పైనున్న ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా ఎక్కి, టీ తాగి దిగాం. ఎవరెస్ట్‌ని మొదటిసారి చూసింది అక్కడే. ల్హోత్సే, నుప్త్సేల వెనక నుంచి తొంగిచూస్తూ చిన్నగా కనిపించింది. "ఇదేనా?" అంది మా ఆవిడ. పక్కనున్న అమా దబ్లామ్ వంద రెట్లు అందంగా ఉంది.

దారిలో జడల బర్రెలు ఎదురొస్తే కొండవైపే నిలబడాలి, లోయవైపు నిలబడితే అవి పక్కకి నెట్టేస్తాయి. ఈ పాఠం గైడ్ మొదటి రోజే చెప్పాడు. ఆయన్ని మేం 'దాయి' (అన్నయ్య) అని పిలిచేవాళ్ళం. ఆయన పావుగంటకోసారి "బిస్తారై, బిస్తారై" అనేవాడు. మెల్లగా, మెల్లగా అని. ఆ మాట మా ఆవిడకి ఎక్కింది, నాకు ఎక్కలేదు. తను వెనక ఒకే అడుగు వేగంతో వస్తుండేది. నేను వంద అడుగులు విసురుగా వేసి, ఆగి, రొప్పి, తన కోసం ఎదురుచూస్తున్నట్టు నటించేవాణ్ణి. పొద్దున్నా సాయంత్రం పప్పన్నమే, అందులో మా అమ్మ కట్టిచ్చిన కందిపొడి. దాయి కూడా కలుపుకున్నాడు, రెండోసారి తనే అడిగి వేయించుకున్నాడు.

టెంగ్‌బోచే (3,860) నుంచి దింగ్‌బోచే (4,410) చేరాం. ఇక్కడ అందరూ రెండు రాత్రులుంటారు. నా షీట్లో ఒక్క రాత్రే ఉంది. ఎందుకంటే సోమవారం పొద్దున్న ఆఫీసులో ఒక మీటింగు, దానికి ఎలాగైనా ఉంటానని మాటిచ్చాను. "ఇక్కడ ఒకరోజు ఆగుదాం, కావాలంటే తిరుగు టిక్కెట్ మార్చుకుందాం" అని మా ఆవిడ అంది. దాయి రెండుసార్లు చెప్పాడు. నేను ఇద్దరికీ షీటు చూపించాను. ఆ మీటింగు మేం ఇంటికి రాకముందే వాయిదా పడిందన్నది వేరే సంగతి.

లొబుచే 4,940 మీటర్లు. సాయంత్రానికి తలనొప్పి మొదలైంది. అన్నం సయించలేదు. మా ఆవిడ అడిగితే "ఎండదెబ్బ" అన్నాను. రాత్రి రెండుసార్లు బయటికెళ్ళి వాంతి చేసుకున్నాను. తనని లేపలేదు. కొండల మీద తలనొప్పి వస్తే, వేరే కారణమని తేలేదాకా అది ఎత్తు వల్లే అనుకోవాలనీ, లక్షణాలుండగా ఇంకా పైకెక్కకూడదనీ నా షీట్లోనే ఉంది. ముదిరితే మెదడులోకో ఊపిరితిత్తుల్లోకో నీరు చేరి ప్రాణం పోవచ్చనీ ఉంది. అయినా దాచాను. ప్రొడక్షన్లో తప్పు కనబడ్డాక, పొద్దున్నకి అదే సర్దుకుంటుందిలే అని ఎవరికీ చెప్పకుండా పడుకునేవాళ్ళని ఎంతమందిని తిట్టానో నాకే గుర్తులేదు.

పొద్దున్నే బూట్ల లేసులు కట్టుకోవడానికి వంగి, లేవలేకపోయాను. మా ఆవిడకి అర్థమైపోయింది. దాయి వచ్చి వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూశాడు. నాకు 70, తనకి 83. మడమ ముందు వేలు పెడుతూ గీత మీద నడవమన్నాడు, తూలకుండా నడిచాను. "మెదడుకి ఎక్కలేదు. కానీ మీరు దిగాలి, ఇప్పుడే" అన్నాడు.

బేస్ క్యాంపు ఇంకో అయిదారు గంటల దూరం. ఆకాశం అద్దంలా ఉంది. మా ఆవిడ తన బ్యాగు కూడా సర్దడం మొదలుపెట్టింది, నాతో దిగడానికి. అప్పుడు నేను "నువ్వెళ్ళు" అన్నాను.

"ఎలా వెళ్తాను?"

"దాయి నీతో ఉంటాడు. నాతో పోర్టర్ వస్తాడు."

తను కాసేపు నా మొహంలోకి చూసి, "నీ ఇరవయ్యేడో వరుసే కదా, పేర్లు మార్చావంతే" అంది.

తను చదివిందని నాకు తెలియదు. ఆ వరుసలో ఉన్నది ఇది: 'తనకి బాగోలేకపోతే, పోర్టర్‌తో కిందికి దిగి ఫెరిచేలో ఆగుతుంది. నేను గైడ్‌తో పూర్తిచేసి వచ్చి కలుస్తా.' తనని అడగలేదు. నాకు బాగోలేకపోతే అన్న వరుసే లేదు.

ఏమనాలో తెలియలేదు. తను మూడుసార్లు "నిజంగానా?" అని అడిగింది, మూడుసార్లూ వెళ్ళమన్నాను. మూడోసారి మాత్రమే మనస్ఫూర్తిగా అన్నాను. మొదటి రెండుసార్లూ, 'లేదు, నేనూ వస్తాను' అంటుందేమోనని లోపల్లోపల ఎదురుచూశాను. ఈ మాట తనకి ఇప్పటిదాకా చెప్పలేదు.

దిగుతుంటే తుక్లా కనుమ దగ్గర, కొండల మీద పోయినవాళ్ళ జ్ఞాపకార్థం పేర్చిన రాతి స్తూపాలున్నాయి. 1996లో పోయిన స్కాట్ ఫిషర్‌ది, 2001లో పోయిన బాబు చిరి షెర్పాది అక్కడే ఉన్నాయి. క్రితం రోజు వాటి ముందు నిలబడి ఫోటోలు దిగాం. ఈసారి తలెత్తకుండా దాటాను.

ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ళ ఆస్పత్రి ఉంది, 1973 నుంచి నడుస్తోంది. సీజన్లో రోజూ మధ్యాహ్నం మూడింటికి ఎత్తు జబ్బు గురించి అక్కడి డాక్టర్లు పాఠం చెబుతారు. విశ్రాంతి రోజున చాలామంది దింగ్‌బోచే నుంచి గుట్ట దాటొచ్చి అది వినిపోతారట. నేను కోసేసిన రోజు అదే! డాక్టరు పరీక్ష చేసి, మందులిచ్చి, "దిగడమే అసలు మందు, అది మీరు చేసేశారు" అంది. సాయంత్రానికి తలనొప్పి సగమైంది. రాత్రికి ఆకలేసింది.

అప్పుడే ఫోన్లో అమ్మకి విషయం చెప్పాను. "అదేంట్రా, నిన్నలా వదిలేసి అదెలా వెళ్ళింది?" అంది. "నేనే పంపానమ్మా" అన్నాను కానీ గొంతులో నీరసం వల్ల అమ్మకి అది వేరేలా వినబడి ఉండాలి. మేం కాఠ్మాండూ చేరేసరికి మా అత్తగారికీ తెలిసింది. ఆవిడ తన కూతుర్నే తిట్టింది, "అల్లుడిగారికి అలా ఉంటే నీకు ఫోటోలు కావాల్సొచ్చాయా?" అని.

మర్నాడు సాయంత్రం మా ఆవిడ ఫెరిచేకి దిగివచ్చింది. మొహం కమిలిపోయి, పెదాలు పగిలి ఉంది. బేస్ క్యాంపు చూసి, తెల్లవారుజామున కాలాపత్తర్ కూడా ఎక్కి వచ్చింది. నన్ను చూసి ముందు నుదురు పట్టుకు చూసింది. తర్వాత ఏడ్చింది. "అక్కడ నిలబడి కూడా నువ్వెలా ఉన్నావో అనే ఆలోచన. సరిగ్గా చూడనే లేదు" అంది. ఎక్కినందుకు సంతోషపడలేకపోయింది, ఎక్కకుండా ఉంటే నన్ను క్షమించగలిగేది కాదేమో కూడా.

ఆఫీసులో అయితే, "పూర్ణ పదమూడేళ్ళకే శిఖరం ఎక్కింది, నువ్వు బేస్ క్యాంపు కూడానా!" అని ఏడిపించారు. 2014లో మలావత్ పూర్ణ ఎక్కింది టిబెట్ వైపు నుంచి, అదీ నెలల తరబడి డార్జిలింగులో, లడాఖ్‌లో శిక్షణ తీసుకున్నాక. శిక్షణ అంటే ముఖ్యంగా చెప్పినమాట వినడమని నాకిప్పుడు తెలుసు.

నా బాధల్లా ఒకటే. అదే తనకి జబ్బుచేసి నేను పైకెళ్ళి వచ్చి ఉంటే, ఈ ప్రశ్న నన్ను ఒక్కరైనా అడిగేవారా? "అంత దూరం వెళ్ళావు, పూర్తిచేసి మంచిపని చేశావు" అనేవారు. ఎలా తెలుసంటే, నేనే అలా రాసుకున్నాను కాబట్టి. ఇప్పుడు ఆ పెద్దాయన మీద కోప్పడదామంటే ఇరవయ్యేడో వరుస అడ్డొస్తోంది.

మీలో ఎవరైనా ఈ నడకకి వెళ్తుంటే అడగండి, షీటు పంపిస్తాను. దింగ్‌బోచేలో రెండు రాత్రులు పెట్టాను. ఇరవయ్యేడో వరుస మాత్రం ఖాళీగా వదిలేశాను, అది మీరిద్దరూ కూర్చుని నింపుకోండి.