పేరు సగంలో తెగకూడదు



మా హాస్టల్ రూంలో నలుగురం డిగ్రీలో కంప్యూటర్స్ చదువుతున్నాం. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సీ లాంగ్వేజ్‌లో మేం ఎక్కువ మాట్లాడుకున్న ఒక చిన్న సంగతికి మన పేర్లతో సంబంధం ఉంది. అందుకే రాస్తున్నాం.

సీలో అక్షరాలు పెట్టుకోడానికి ముందే ఇంత జాగా అని కొలిచి పెట్టుకోవాలి. దాన్నే బఫర్ అంటారు. ఎస్‌ప్రింట్‌ఎఫ్ అనే ఫంక్షన్ ఆ జాగా ఎంతో అడగదు. కుంచం నిండినా గింజలు పోస్తూనే ఉంటది. పొర్లినవి పక్క మెమరీ మీద పడతాయి. ప్రోగ్రాం ఆగిపోవచ్చు, బయటోళ్లు లోపలికి దూరడానికి దారి కూడా కావచ్చు. 1988 నాటి మోరిస్ వర్మ్ వాడుకున్న దారుల్లో ఒకటి ఇలాంటిదే. అక్కడ కొలత చూడనిది గెట్స్ అనే ఫంక్షన్.

సీ99 స్టాండర్డ్‌లో ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ చేరింది. దీనికి కొలత చెప్పాలి. 16 అని చెప్తే 15 బైట్ల వరకే రాసి, చివర ముగింపు గుర్తు పెట్టి ఆగుతది. పొర్లదు.

పాఠం ఇక్కడితో అయిపోలేదు. "కొమరం భీమ్" అని తెలుగులో రాసి చూడండి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. గుణింతం, సున్నా, పొల్లు కూడా విడివిడిగా లెక్కే. మధ్య ఖాళీతో కలిపి 28 బైట్లు. 16 బైట్ల బఫర్‌లో "కొమరం" ఒక్కటే మిగులుతది. భీమ్ పోయాడు. ప్రోగ్రాం ఆగదు, చూసినోళ్లకు తప్పని కూడా అనిపించదు. బఫర్ 18 అయితే "భ" మధ్యలో తెగి పిచ్చి గుర్తు వస్తది.

మా రూంలో ఒకతని పేరు ఒక కార్డులో సగమే పడింది. సరిచేయించడానికి మూడుసార్లు తిరిగాడు. "నీ పేరే పొడుగు" అన్నారు. పేరు పొడుగు కాదు, వాళ్లిచ్చిన జాగా తక్కువ.

ఈ ఫంక్షన్ తెగిన సంగతి దాచదు. మొత్తం పట్టాలంటే ఎన్ని బైట్లు కావాలో రిటర్న్ విలువగా చెప్తది. ఇక్కడ 28. ఆ అంకె మనం చెప్పిన కొలతకు సమానమైనా, ఎక్కువైనా పేరు తెగినట్టే. అప్పుడు ముగింపు గుర్తుతో కలిపి 29 బైట్లు తీసుకుని మళ్లీ రాయాలి. సున్నా కన్నా తక్కువ వస్తే ఎర్రర్. ఇంకో మాట, బఫర్‌ను వేరే ఫంక్షన్‌కు పంపితే అక్కడ సైజ్‌ఆఫ్ పాయింటర్ సైజే చెప్తది. అందుకే కొలతను కూడా వెంట పంపాలి.

రేపు కార్డులు, సర్టిఫికెట్లు ప్రింట్ చేసే ప్రోగ్రాములు మనలోనూ కొందరు రాస్తారు. ఆ రిటర్న్ విలువ చూసే ఒక్క ఇఫ్ లైను వదిలెయ్యకండి. ల్యాబ్‌లో డౌట్లుంటే అడగండి, మాకు తెలిసింది చెప్తాం.