సారు లెక్క పుస్తకం

మెయింటెనెన్స్ మీటింగులకు వెళ్లేది చాలావరకు మన ఇంటి మగవాళ్లే. లిఫ్ట్ ఆగినా, మోటార్ కాలినా, వాచ్‌మన్ జీతం అందక పని మానేసినా ముందు అవస్థ పడేది మాత్రం ఇంట్లో ఉండే మనం. అందుకే అపార్ట్‌మెంట్ లెక్కల సంగతి ఇక్కడ రాయాలనిపించింది.

కరీంనగర్‌లో మా అపార్ట్‌మెంట్‌లో 24 ఫ్లాట్లు. ఫ్లాట్‌కు నెలకు 1,500 చొప్పున 36,000 వస్తాయి. వాచ్‌మన్, ఊడ్చే ఆమె, లిఫ్ట్, కామన్ మీటర్ కరెంటు బిల్లు, అన్నీ అందులోనే. తొమ్మిదేళ్లుగా ఈ లెక్క చూసింది రెండో అంతస్తులో ఉండే రిటైర్డ్ సారు. గేటు దగ్గర ఓనర్స్ అసోసియేషన్ అని బోర్డు ఉంది గానీ, దాన్ని ఎవరూ రిజిస్టర్ చేయించలేదు. రిజిస్ట్రేషన్ కాగితం లేనిదే సంఘం పేరున ఖాతా తెరవమని బ్యాంకు చెప్పింది. దాంతో డబ్బంతా సారు పింఛను పడే ఖాతాలోనే ఉండేది. సారు మీద అందరికీ అంత నమ్మకం.

పోయిన వానాకాలం సారు గుండెపోటుతో పోయారు. దినవారాలు అయిన వారానికే లిఫ్ట్ ఆగింది. రిపేరుకు లక్షా ఎనభై వేలు అన్నారు. డబ్బు ఉంది, కానీ తీయడానికి లేదు. బ్యాంకు కాగితాల ప్రకారం ఆ ఖాతాలోని ప్రతి రూపాయీ సారుదే. నామినీ పెద్దమ్మ. నామినీ చేతికి వచ్చినా దాని మీద వారసులందరికీ హక్కు ఉంటుందట. "ఇందుల నాయన పింఛను ఎంత, మీ పైసలు ఎన్ని?" అని వాళ్ల కొడుకు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే.

ఈలోగా నాలుగో అంతస్తు అవ్వను వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దించేవాళ్లు. అది చూసిన వాళ్లందరికీ కడుపు తరుక్కుపోయేది. ఆ కోపం ఎటు పోవాలో తెలియక సారు మీదికి మళ్లింది. "గిన్నేండ్ల లెక్క ఒక్కడే చూసిండు, ఏమన్న వాడుకున్నడో ఏమో" అని మెట్ల దగ్గర ఎవరో అన్నారు. ఆ మాట పెద్దమ్మ చెవిన పడింది.

"ముప్పై అయిదేండ్లు బడిల పాఠం చెప్పిన మనిషమ్మా. పోయినంక దొంగయిండా?" అని అడిగింది నన్ను. నాకు మాట రాలేదు.

పక్క ఫ్లాట్ అక్క, నేను, పెద్దమ్మ మూడు మధ్యాహ్నాలు కూర్చున్నాం. సారు లెక్క పుస్తకం, రసీదు బుక్కులు, బిల్లులు, పాస్‌బుక్ ముందేసుకున్నాం. పింఛను పడిన చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టాం. మెట్ల దగ్గర బల్బుకు 40 రూపాయలు అని కూడా రాసి పెట్టారాయన. పుస్తకంలో చివరి నిల్వ 2,86,400. రసీదులు, బిల్లులు కూడితే మాకూ అంతే వచ్చింది. ఖాతాలో అంతకన్నా ఎక్కువే ఉంది, మిగిలింది ఆయన పింఛను. కొడుకూ, బిడ్డా ఆ లెక్క చూసి సంతకాలు పెట్టారు. బ్యాంకు పని పూర్తయ్యేసరికి నెలన్నర పట్టింది.

ఆ తర్వాత అసోసియేషన్ రిజిస్ట్రేషన్ మొదలుపెట్టాం. ఆదిలాబాద్‌లో మా చెల్లె ఉండే అపార్ట్‌మెంట్‌ది మొదట్లోనే రిజిస్టర్ అయింది. వాళ్ల నియమావళి తనే పంపింది. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. నియమావళి, సభ్యుల పట్టిక పెట్టి రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఆ కాగితం వచ్చాక సంఘం పేరున పాన్ కార్డు, ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా వచ్చాయి.

"రిజిస్టర్ చేస్తే జీఎస్టీ మీద పడుతది" అని ఒకాయన భయపెట్టాడు. ఫ్లాట్‌కు నెలకు 7,500 దాటి, సంఘానికి ఏడాదికి 20 లక్షలు కూడా దాటితేనే మెయింటెనెన్స్ మీద జీఎస్టీ. మాది ఏడాదంతా కలిపినా 4,32,000.

కొత్తగా ఫ్లాట్ కొనేవాళ్లకు ఇంకో మాట. రెరా కిందికి వచ్చే అపార్ట్‌మెంట్లలో సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయ్యాక మూడు నెలల్లోగా సంఘం ఏర్పడేలా చూడాల్సింది బిల్డరే. ఫ్లాట్ అప్పగించిన అయిదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే ఉచితంగా సరిచేయాల్సింది కూడా ఆయనే. 2016 చట్టంలోనే ఉంది.

సభ్యుల పట్టిక రాస్తుంటే ఇంకోటి బయటపడింది. సభ్యత్వం ఓనర్‌ది. 24 ఫ్లాట్లలో 11 ఆడవాళ్ల పేరు మీదే రిజిస్టర్ అయ్యాయి. పాత మీటింగుల పుస్తకంలో ఒక్క ఆడమనిషి సంతకం లేదు. మొదటి సర్వసభ్య సమావేశానికి ఆ పదకొండు మందిలో తొమ్మిది మంది వచ్చి సంతకం పెట్టారు.

నమ్మకం ఉన్నచోట కాగితం ఎందుకని చాలామంది అంటారు. దొంగ ఉంటే పోలీసులున్నారు. సారు లాంటి మనిషికే కాగితం కావాలి. ఆయన లేని రోజున ఆయన తరఫున మాట్లాడేది అదొక్కటే.

పెద్దమ్మ చెక్కు ఇచ్చేటప్పుడు ఒక్కటే అడిగింది: "కొత్త పుస్తకంల మా సారు పేరు రాయిండ్రి." మొదటి పేజీలో మొదటి వరుస అదే రాశాం. సారు పేరు, ఆయన నుంచి అందిన నిల్వ 2,86,400.

మీ అపార్ట్‌మెంట్ డబ్బు ఎవరి పేరు మీద ఉందో ఈ ఆదివారం ఒకసారి అడిగి చూడండి.