నక్షత్రాలు ఇంకా పుడుతున్నాయి



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి లేవబోతూ ఆగారు. "మార్కులు మంచిగనే వచ్చినయి మేడం. కానీ ఇంతకుముందు మా పిల్ల ఇంటికి రాంగనే సైన్స్ ముచ్చట్లు ఒకటే చెప్పేది. ఇప్పుడు అడిగినా చెప్తలేదు" అన్నారు.

కారణం నాకు తెలుసు. నేనే.

ఆ అమ్మాయి ఏడో తరగతి. సంక్రాంతికి దేవరకొండ దగ్గర అమ్మమ్మ ఊరికి వెళ్లి, భోగి మంట కోసం తెల్లవారుజామునే లేచి ఆకాశం చూసిందట. సెలవుల తర్వాత మొదటి రోజే క్లాసులో లేచి, "మేడం, నక్షత్రాలు ఇప్పుడు కూడా పుడతాయా?" అని అడిగింది. నేను చెబుతున్న పాఠం వేరు, మిగిలింది పది నిమిషాలు. "అవన్నీ ఎప్పుడో పుట్టేశాయి, కూర్చో" అన్నాను. ఇంగ్లిష్‌లో అన్నాను కాబట్టి ఇంకాస్త కటువుగా వినిపించి ఉంటుంది.

పైగా అది తప్పు. నక్షత్రాలు ఇప్పటికీ పుడుతున్నాయి. మీటింగ్ అయిన రాత్రి కూర్చుని చదివితే, నాకే తెలియని సంగతి ఒకటి దొరికింది: మరుగుజ్జు గెలాక్సీలు. మన పాలపుంతలో పదివేల కోట్లకు పైగా నక్షత్రాలుంటే, వీటిలో కొన్ని కోట్లు, మహా అయితే కొన్ని వందల కోట్లు ఉంటాయి. అవి నక్షత్రాలను పుట్టించే తీరే వేరు.

మన నల్లగొండ, పాలమూరు ఊళ్లలో చెరువూ ఉంటుంది, కుంటా ఉంటుంది. గట్టి వానకు చెరువు అలుగు పోస్తుంది, కట్ట నిలుస్తుంది. కుంటకు గండి పడి నీళ్లన్నీ పోతాయి. మరుగుజ్జు గెలాక్సీ కుంటలాంటిది. దాని గురుత్వాకర్షణ తక్కువ. చల్లని వాయువు ఒకచోట గుమిగూడి నక్షత్రాలు పుడతాయి. వాటిలో బాగా పెద్దవి త్వరగా ఇంధనం అయిపోయి సూపర్‌నోవాలుగా పేలుతాయి. ఆ పేలుళ్లకు మిగిలిన వాయువు వేడెక్కి చెదిరిపోతుంది, కొంత గెలాక్సీ దాటి పోతుంది. పుట్టుకలు ఆగిపోతాయి. కుంటకు లేని అదృష్టం దీనికి ఒకటుంది: పోయిన వాయువులో కొంత చల్లారి మెల్లగా వెనక్కి పడుతుంది. మళ్లీ నక్షత్రాలు మొదలవుతాయి. అలా విడతలు విడతలుగా.

సప్తర్షులున్న తారామండలంలోనే వన్ జ్వికీ 18 అనే మరుగుజ్జు గెలాక్సీ ఉంది. మన కంటికి కనిపించదు. కొత్త నక్షత్రాలతో వెలుగుతుంటే దాన్ని పసిగుడ్డు అనుకున్నారు. 2004లో దాని వయసు 50 కోట్ల ఏళ్లే అన్నారు. 2007లో హబుల్ టెలిస్కోప్ చిత్రాల్లో వంద కోట్ల ఏళ్లు దాటిన ముసలి నక్షత్రాలు కనబడ్డాయి. అంటే అంత వయసులోనూ అది కొత్త నక్షత్రాలను కంటూనే ఉంది.

మనవాళ్ల పనీ ఇందులో ఉంది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్‌లో అతినీలలోహిత టెలిస్కోప్ ఉంది. దానితో మన దేశ శాస్త్రవేత్తలు 11 మరుగుజ్జు గెలాక్సీలను చూశారు. నక్షత్రాలు వాటి నడుమనే కాదు, ఎవరూ పెద్దగా ఆశించని అంచుల్లోనూ పుడుతున్నాయని, ఆ గుంపులు మెల్లగా మధ్యకు జరుగుతాయని 2022లో ప్రకటించారు.

మర్నాడు క్లాసులో, "ఆ రోజు నేను చెప్పింది తప్పు" అన్నాను. ఇంత చిన్న మాటకు గొంతు తడారింది, నిజం. తర్వాత ఇదంతా బోర్డు మీద కుంట బొమ్మ గీసి చెప్పాను. ఆ అమ్మాయి మొదట తల ఎత్తలేదు. జ్వికీ దగ్గరకు వచ్చేసరికి చెయ్యి లేచింది. "మరి ఇప్పుడు, ఈ నిమిషం, అక్కడ ఎన్ని పుడుతున్నాయి మేడం?"

అక్కడి వెలుగు మనల్ని చేరడానికి 5.9 కోట్ల ఏళ్లు పడుతుంది. ఈ నిమిషం సంగతి నాకే కాదు, ఎవరికీ తెలియదు. అదే చెప్పాను. గంట కొట్టారు. ఎవరూ లేవలేదు.

ఈ నెలలో రాత్రి తొమ్మిది తర్వాత సప్తర్షులు ఈశాన్యం వైపు కనిపిస్తాయి. డాబా మీద లైటు ఆర్పి పిల్లలతో పది నిమిషాలు నిలబడండి. ఆ తల్లి నిన్న ఫోన్ చేశారు. "ఏడు చూపెట్టింది మేడం. ఎనిమిదోది కూడా ఉందంటది, నాకు కనబడతలేదు." తోక చివరి నుంచి రెండోది వశిష్ఠుడు, దాన్ని అంటిపెట్టుకుని ఉన్న చిన్నది అరుంధతి అని చెప్పాను. "అయ్యో, మా పెండ్లిల చూపెట్టిన్రు గదా!" అని ఆమె నవ్వారు.