తలుపు దగ్గరి వెలుగు

పరిచయం

మీ ఇంట్లో పెళ్ళి ఆల్బం ఒకటి ఉండే ఉంటుంది. ఈ వ్యాసం చదివే ముందు దాన్ని తెరిచి, వధూవరులు ఇద్దరే ఉన్న ఫోటోను చూడండి. వెలుగు వారి ముఖాల మీద ఏ వైపు నుంచి పడింది? వెనక నల్లని నీడ ఉందా? పెళ్ళికూతురి ముఖం రంగూ చేతుల రంగూ ఒకటిగానే ఉన్నాయా? ఈ మూడు ప్రశ్నల చుట్టూనే నా అనుభవం తిరుగుతుంది.

1. మా బాగ్‌బేరా

జంషెడ్‌పూర్ అనగానే ఉక్కు కర్మాగారం గుర్తుకు వస్తుంది. ఆ ఊరి రైలు స్టేషను పేరు టాటానగర్. స్టేషనుకు దగ్గరలో, ఖర్కాయీ నది పక్కన ఉన్న పేట బాగ్‌బేరా. రైల్వే పనికీ, కర్మాగారం పనికీ శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. మాదీ అటువంటి కుటుంబమే. నేను పుట్టి పెరిగినప్పుడు అది బీహారు. 2000 నవంబరు 15 నుంచి జార్ఖండ్.

రాష్ట్రం ఏదైనా మా పెళ్ళిళ్ళు మాత్రం తెలుగు పెళ్ళిళ్ళే. అడ్డుతెర, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అన్నీ ఉంటాయి. ముహూర్తం తరచు అర్ధరాత్రి దాటాకే. కల్యాణ మండపానికి డబ్బులేని వారు ఇంటి ముందు సందులోనే పందిరి వేసేవారు. ఏడడుగుల వెడల్పు సందు, ఎర్రగుడ్డ పైకప్పు, వేలాడే రెండు బల్బులు, చుట్టూ చుట్టాలు. ఆ ఇరుకులో జంటను నిలబెట్టి బొమ్మ తీయడం నా బతుకుతెరువు అయింది.

2. 1994లో ఒక పెళ్ళి

జుగ్సలాయిలో ఒక చిన్న స్టూడియోలో పని నేర్చుకున్నాను. నేను ఒంటరిగా తీసిన మొదటి పెళ్ళి 1994 వేసవిలో, మా వీధిలోనే జరిగింది. పెళ్ళికూతురు నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన పిల్ల. "అన్నయ్యా" అని పిలిచేది. చామనచాయ. నవ్వితే కళ్ళు సగం మూసుకుపోయేవి.

బయలుదేరేటప్పుడు స్టూడియో యజమాని ఒకటే చెప్పాడు: "పెళ్ళికూతుర్ని తెల్లగా తియ్యి. అందరూ అడిగేది అదే." నేను అలాగే తీశాను. ఫ్లాష్‌ను కెమెరా నెత్తిన పెట్టి సూటిగా కొట్టాను. రీళ్ళు కడిగే చోట కూడా ముఖాలు లేతగా రావాలని చెప్పించాడు.

ఆల్బం ఇచ్చిన రోజు ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. పెళ్ళికూతురు అప్పటికే విశాఖపట్నంలో అత్తవారింటికి వెళ్ళిపోయింది. ఆమెను పెంచిన మామ్మ జంట ఫోటోను దగ్గరగా పట్టుకొని చాలాసేపు చూసింది. "ఈ గుంటెవులురా బాబూ? మన గుంట ఇలగుండదు గదా!" అంది. మా వైపు గుంట అంటే ఆడపిల్ల. ఎవరూ నవ్వలేదు. ఆ బొమ్మలో ముక్కుపుడక లేదు, బుగ్గ లేదు, కళ్ళ కింద నిద్రలేమి లేదు. సున్నం కొట్టినట్లు ఒక ముఖం, దాని కింద గోధుమరంగు చేతులు. మనవరాలు దూరం వెళ్ళిపోయిన ఆ ముసలామెకు మిగిలింది అదొక్కటే. నేను దాన్ని పాడుచేశాను.

3. తప్పు ఎక్కడ జరిగింది?

ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. మీరూ నాతోపాటు వేయండి. ప్రతి ఫ్లాష్‌కూ ఒక సంఖ్య ఉంటుంది. 100 వేగం ఫిల్ముకు నా ఫ్లాష్ సంఖ్య 24. దాన్ని మీటర్లలో దూరంతో భాగిస్తే లెన్సు రంధ్రం ఎంత ఉంచాలో తెలుస్తుంది. మూడు మీటర్ల దూరానికి 24ను 3తో భాగిస్తే 8. నేను 8 దగ్గరే ఉంచాను. కాని ఆ సందులో మూడు మీటర్లు వెనక్కి వెళ్ళే చోటు ఎక్కడుంది? నేను నిలబడింది ఒకటిన్నర మీటరులో. దూరం సగమైతే వెలుగు రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. రంధ్రం 16కు తగ్గించవలసింది. నేను తగ్గించలేదు.

రెండో తప్పు లెక్కలో లేదు, ఆలోచనలో ఉంది. తెల్లగా తీయడమే బాగా తీయడం అనుకున్నాను. ఇది మా స్టూడియో జబ్బు మాత్రమే కాదు. రంగు ప్రింట్లు సరిచూసుకోవడానికి కోడక్ సంస్థ లాబ్‌లకు పంపిన కార్డుల మీద చాలా ఏళ్ళు తెల్లజాతి యువతి బొమ్మే ఉండేది. వాటిని షర్లీ కార్డులు అనేవారు. ఆ చర్మం సరిగా వస్తే ప్రింటు సరిగా వచ్చినట్లే లెక్క. పలు వర్ణాల వారు ఉన్న కార్డు 1990లలో గాని రాలేదు. యంత్రం వెనక ఎవరి ముఖం కొలతగా ఉందో చూశారు కదా! ఆ కొలతను మన పిల్లల మీద మోపకుండా ఉండడం మన చేతిలో ఉన్న పని.

4. పందిరి, మధుపర్కాలు, హోమం, ఎండ

ఆ తరువాత నాలుగేళ్ళలో ఒక్కొక్క చిక్కు ఒక్కొక్క పాఠం నేర్పింది.

ఫ్లాష్‌ను పైకి తిప్పి కప్పు మీద కొడితే వెలుగు మెత్తగా దిగుతుందని పుస్తకాల్లో ఉంటుంది. అది తెల్లని కప్పుకు వర్తిస్తుంది. ఎర్ర పందిరి కింద అలా చేస్తే ముఖాలన్నీ ఎర్రబడతాయి. అందుకని ఉతికిన తెల్ల పంచె ఒకటి సంచిలో పెట్టుకొనేవాణ్ణి. ఇద్దరు కుర్రాళ్ళు దాన్ని ఒక పక్కన పరిచి పట్టుకుంటే, ఫ్లాష్‌ను దాని మీద కొట్టేవాణ్ణి. ఖర్చులేని గోడ అది.

మధుపర్కాలు తెల్లగా ఉంటాయి. కెమెరాలోని కొలమానానికి అది పెళ్ళి అని తెలియదు. ఎదురుగా ఉన్నదాన్ని నడిమి బూడిదరంగుగా చూపాలని చూస్తుంది. అంత తెలుపు కనబడగానే వెలుగు తగ్గిస్తుంది, ముఖాలు నల్లబడతాయి. కాబట్టి బట్టను కాదు, ముఖాన్ని కొలవండి. దగ్గరకు వెళ్ళి ముఖం మీద కొలిచి, ఆ అంకెలు మార్చకుండా వెనక్కి వచ్చి తీయండి.

హోమం పొగకు ఎదురుగా నిలబడి ఫ్లాష్ కొడితే పొగే తెల్లని తెరలా వెలిగి జంటను కప్పేస్తుంది. ఫ్లాష్‌ను వైరుతో పక్కకు జరిపితే ముఖాలు తేటగా వస్తాయి.

ఇక ఖర్కాయీ ఒడ్డు. పెళ్ళయ్యాక జంటను అక్కడికి తీసుకువెళ్ళమనేవారు, అదీ మిట్టమధ్యాహ్నం. నడినెత్తి ఎండలో కళ్ళ గుంటలు నల్లబడతాయి, కనుబొమలు ముడిపడతాయి. మొదట చెట్టునీడ వెతకండి. అది లేకపోతే ఎండ వారి వీపుల మీద పడేటట్లు నిలబెట్టి, ముఖాలకు కొద్దిగా ఫ్లాష్ ఇవ్వండి. ఇక్కడ మరో చిక్కు ఉంది. ఆ రోజుల్లో నా ముప్పై అయిదు మిల్లీమీటర్ల కెమెరా సెకనులో 60వ వంతు కంటే వేగంగా ఫ్లాష్‌తో కలిసి పనిచేసేది కాదు. ఆ వేగంలో ఎండకు రంధ్రం 22 దాకా మూయాలి. అప్పుడు నా ఫ్లాష్ సుమారు ఒక మీటరుకు మించి సరిగా చేరదు. అందుకే నదికి మాత్రం రెండు కళ్ళ పాత యాషికా తీసుకువెళ్ళేవాణ్ణి. దాని షట్టరు లెన్సులోనే ఉంటుంది. 500వ వంతులోనూ ఫ్లాష్ కలుస్తుంది. రంధ్రం 8 దగ్గర ఉంచి, నాలుగు మీటర్ల దూరం నుంచి తీస్తే వెనక నది, ముందర ముఖాలు రెండూ దక్కేవి.

5. మళ్ళీ అదే ఇల్లు

1998లో ఆ ఇంట్లోనే చెల్లెలి పెళ్ళి. నన్నే పిలిచారు. మామ్మ గుమ్మం పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు బరువుగా తోచింది.

ఈసారి ముహూర్తం అయ్యాక తొందరపడలేదు. తెల్లవారేదాకా ఆగాను. ఆ ఇంటి వాకిలి పడమటి ముఖం. పొద్దున గుమ్మం నీడలో ఉంటుంది. సందుకు అవతల ఇంటి గోడకు కొత్తగా సున్నం వేశారు. ఎండ ఆ గోడ మీద పడి, మెత్తబడి, గుమ్మంలోకి వస్తోంది. చిన్నప్పటి నుంచి ఆ వెలుగులో ఆడుకున్నాను గాని దాన్ని చూడలేదు.

జంటను గడప మీద నిలబెట్టబోతే మామ్మ గద్దించింది: "గడపెక్కి నిలబడతారేట్రా! లోపలికి రండి." ఆమె మాట మంచిదే అయింది. అడుగు లోపలికి జరిగితే వెనక గది చీకటిగా మారింది. బిందెలు, బకెట్లు, గ్యాసు బండ అన్నీ ఆ చీకటిలో కలిసిపోయాయి. ద్వారబంధం చట్రంలా నిలిచింది, పైన మామిడి తోరణం. పెళ్ళికొడుకు బాగా పొడుగు. అతణ్ణి పీట మీద కూర్చోబెట్టి, ఆమెను పక్కన నిలబెట్టాను. నేను సున్నపు గోడకు వీపు ఆనించి, నా నీడ వారి మీద పడకుండా కొంచెం ఓరగా నిలబడ్డాను. వెడల్పు లెన్సు పెడితే అంచుల్లో ముఖాలు సాగుతాయి కనుక మామూలు 50 మిల్లీమీటర్లదే వాడాను. సెకనులో 60వ వంతు, రంధ్రం 4. ఫ్లాష్ లేదు.

"ఎటు చూడాలన్నయ్యా?" అంది చెల్లెలు. "ఆ గోడకేసి చూడమ్మా" అన్నాను. ఇద్దరి కంటిపాపల్లో చిన్న వెలుగుచుక్క మెరిసింది.

అక్కాబావలు కూడా పెళ్ళికి వచ్చారు. ఎవరూ అడగకముందే వారిని అదే గుమ్మంలోకి పిలిచి, అదే వెలుగులో తీశాను. ఆ ప్రింటుకు డబ్బు తీసుకోలేదు. వారం తరువాత అది మామ్మ చేతిలో పెట్టాను. ఆమె కిటికీ దగ్గరకు జరిగి, బొటనవేలితో మనవరాలి బుగ్గ తడిమి, "ఇదీ మన గుంట" అంది.

6. చివరిగా

ఇప్పుడు రీళ్ళు లేవు. తీసిన బొమ్మ వెంటనే తెర మీద కనబడుతుంది. అందరి చేతుల్లోనూ ఫోను కెమెరా ఉంది. అయితే ముఖాన్ని తెల్లగా, నున్నగా చేసే మీట కూడా చాలా ఫోనుల్లోనే ఉంది. 1994లో నేను చేసిన తప్పును అది ఒక్క వేలితో చేయిస్తుంది. చోటు చెడ్డదని నిరుత్సాహపడకండి. ఎంత ఇరుకు ఇంటికైనా ఒక గుమ్మమో కిటికీయో ఉంటుంది. ముందు వెలుగును వెతకండి, తరువాత జంటను నిలబెట్టండి, ఆ తరువాత వెనక ఏముందో చూడండి. తీశాక ఆ బొమ్మ వారి మామ్మ చేతికి ఇస్తే గుర్తుపడుతుందా అని మిమ్మల్ని మీరు అడగండి.

చేసి చూడండి

1. మీ ఇంటి గుమ్మంలో ఒకరిని నిలబెట్టి ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వారి ముఖం మీద వెలుగు ఎలా మారుతుందో రాయండి.
2. ఫ్లాష్ సంఖ్య 24 అయితే రెండు మీటర్ల దూరానికి లెన్సు రంధ్రం ఎంత ఉండాలి?
3. "తెల్లగా తీయడం, బాగా తీయడం ఒకటి కాదు." దీనిపై మీ ఇంటి ఆల్బం ఆధారంగా పది వాక్యాలు రాయండి.