కవరు నిండా చీటీలు

జూన్ 10, 2024

ఓపీ అయ్యేసరికి రెండు దాటింది. చివర్లో వచ్చిన పిల్ల ముఖం ఇంకా కళ్ళముందే ఉంది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటుంది. తల్లి చేతిలో ప్లాస్టిక్ కవరు నిండా చీటీలు. రక్తం తక్కువని ఒకరు ఐరన్ మాత్రలు రాశారు. మొలలని ఒకరు ఆయింట్‌మెంట్ ఇచ్చారు. అమీబా అని ఇంకొకరు మెట్రోనిడజోల్ కోర్సు మీద కోర్సు వాడించారు. మోకాళ్ళ నొప్పులకి మందుల షాపువాళ్ళు ఇచ్చిన డైక్లోఫెనాక్ వేరే. “ఒంట్లో వేడి డాక్టరమ్మా, హాస్టల్ తిండి పడట్లేదు. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు తాగిస్తూనే ఉన్నా” అంది తల్లి.

పిల్ల తలెత్తలేదు. బీపీ చూపించుకోమని తల్లిని సిస్టర్ దగ్గరికి పంపి అడిగాను: “రాత్రిపూట నిద్రలోంచి లేచి విరేచనానికి వెళ్ళాల్సి వస్తోందామ్మా?” కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. రెండు మూడుసార్లు లేస్తుందట. గదిలోవాళ్ళకి మెలకువ రాకూడదని చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్తుందట. రక్తం, జిగట కలిసి పడుతున్నాయి. వెళ్ళొచ్చినా ఇంకా ఉన్నట్టే అనిపిస్తుంది, మళ్ళీ కూర్చుంటే ఏమీ రాదు. కాలేజీ బస్సులో ఆపుకోలేనేమోనన్న భయంతో పొద్దున టిఫిన్ మానేసింది. సంక్రాంతి సెలవుల నుంచీ ఇదే వరస. ఏడు కిలోలు తగ్గింది. రక్తం సంగతి తల్లికి కూడా సగమే చెప్పింది.

జూన్ 11

ఆ చీటీలే గుర్తొస్తున్నాయి. ఎవరికి కనబడిన ముక్కకి వాళ్ళు మందు రాశారు. రక్తహీనత, విరేచనాలు, మోకాళ్ళు, నోటిపూత, తగ్గిన బరువు — ఇవన్నీ ఒకే పిల్లవని ఎవరూ ఒకచోట పెట్టి చూడలేదు. పేగువాపు జబ్బు దొరక్కుండా తిరిగేది ఇలాగే. అది పేగుతో ఆగదు. కీళ్ళు పట్టుకుంటుంది, కన్ను ఎర్రబడి నొప్పి పెడుతుంది, మోకాలి కింద ముట్టుకుంటే నొప్పెట్టే ఎర్రటి గడ్డలు లేస్తాయి.

మొలల రక్తం మామూలుగా విరేచనం అయ్యాక ఎర్రగా చుక్కలు పడుతుంది. మలంలో కలిసిపోయి, జిగటతో, వారాల తరబడి పడుతుంటే మొలలని సరిపెట్టుకోకూడదు. ఐబీఎస్ అనే పేగుల ఇబ్బంది ఉన్నవాళ్ళకీ కడుపునొప్పి, విరేచనాలు ఉంటాయి గానీ అందులో రక్తం పడదు, బరువు ఇలా తరిగిపోదు, నిద్రలోంచి లేపడమూ అరుదు. అందుకే రాత్రి సంగతి అడగనిదే నేను చీటీ రాయను. ఇన్‌ఫెక్షన్ విరేచనాలు చాలామటుకు కొద్దిరోజుల్లో కట్టేస్తాయి. నాలుగు వారాలు దాటాయంటే కారణం వెతకాల్సిందే.

మన దేశంలో ఇంకో చిక్కుంది, పేగు క్షయ. పేగువాపు జబ్బుల్లో ఒకటైన క్రోన్స్ జబ్బులాగే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం. ఒక్కోసారి బయాప్సీలోనూ తేడా తేలదు. తొందరపడి స్టెరాయిడ్ మొదలుపెడితే క్షయ రెచ్చిపోతుంది.

జూన్ 14

హిమోగ్లోబిన్ 8.4. ఒంట్లో వాపుని చూపే సీఆర్‌పీ ఎక్కువ. మలం కల్చర్లో ఏమీ పెరగలేదు. కాల్‌ప్రొటెక్టిన్ 1,100. ఇది తెల్లరక్తకణాల్లో ఉండే ప్రొటీను. పేగు వాచినప్పుడు ఆ కణాలు అక్కడికి చేరి, ఇది మలంలోకి దిగుతుంది. గ్రాముకి 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే వాపు ఉండే అవకాశం తక్కువ. 250 దాటితే గట్టిగా అనుమానించాలి. ఇన్‌ఫెక్షన్‌లోనూ, నొప్పి మాత్రలు వాడినా పెరుగుతుంది కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకుని జబ్బు పేరు చెప్పలేం. డైక్లోఫెనాక్ ఆపించాను. అది పేగుని ఇంకా రేపుతుంది.

కొలనోస్కోపీ అనగానే తండ్రి గొంతు తగ్గించాడు. “పెళ్ళి కావాల్సిన పిల్లమ్మా. నలుగురికీ తెలిస్తే...” నాకు కోపమొచ్చింది. ఆ మాట పిల్ల వినేలా అన్నందుకు మరీ వచ్చింది. రక్తం ఇంకా పడిపోతే రేపు ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తుందని సూటిగానే చెప్పాను. ఒప్పుకున్నాడు. గుంటూరు పంపాను.

జూన్ 22

అల్సరేటివ్ కొలైటిస్. ఇదీ పేగువాపు జబ్బే. పురీషనాళం దగ్గర మొదలై పెద్దపేగు ఎడమవైపంతా ఎడం లేకుండా ఎర్రబారి, ముట్టుకుంటే నెత్తురు కారుతోందని రిపోర్టు. చిన్నపేగు కొస బాగానే ఉంది. బయాప్సీ కూడా దీనికే సరిపోయింది. క్రోన్స్ అయితే నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా, మధ్యమధ్య మంచి పేగు వదిలి, గోడ లోతుగా దెబ్బతినేది.

మెసలమిన్ మొదలైంది, మాత్రలూ ఎనీమా కూడా. పిల్ల ఒక్కటే అడిగింది, ఉద్యోగం చేయగలనా అని. జపాన్ ప్రధానిగా చేసిన షింజో అబే సంగతి చెప్పాను. చిన్నవయసు నుంచీ ఇదే జబ్బు. 2007లో పదవి వదిలేశాడు. ఇదే రకం మందుతో తేరుకుని 2012లో మళ్ళీ ప్రధాని అయ్యాడు. 2020లో తిరగబెడితే మళ్ళీ దిగిపోయాడు. తిరగబెట్టిన సంగతి దాచలేదు. తగ్గింది కదా అని మందు ఆపేస్తే ఏమవుతుందో ఇప్పుడే తెలియాలి.

ఆగస్టు 3

పిల్ల వచ్చింది. రాత్రి లేవడం లేదు. హిమోగ్లోబిన్ 10.6. టిఫిన్ తినే బస్సెక్కుతోందట. పెరుగన్నం తప్ప ఏమీ పెట్టొద్దని ఎవరో చెబితే తల్లి అదే పత్తెం పట్టింది. పప్పు, గుడ్డు, చేప పెట్టమన్నాను. రక్తం పట్టాల్సిన పిల్లని ఎండబెడితే ఎలా?

సాయంత్రం ఇంకో తండ్రి, పద్నాలుగేళ్ళ కొడుకుతో వచ్చాడు. భగందరానికి రెండుసార్లు ఆపరేషన్ అయింది, మళ్ళీ చీము. అది అడగడానికే వచ్చాడు. నేను చూసింది పిల్లవాడి ఎత్తు. పదేళ్ళవాడిలా ఉన్నాడు, మీసం ఛాయ కూడా లేదు. అడిగితే భోజనం అయ్యాక కుడివైపు పొత్తికడుపు పట్టేస్తుందన్నాడు. క్రోన్స్ కావచ్చు, క్షయా కావచ్చు. సోమవారం రక్తపరీక్షలకు, ఎక్స్‌రేకి రమ్మన్నాను. బడిలో ఎత్తూ బరువూ రాసిన కార్డు ఉంటే తెమ్మన్నాను. ఎదుగుదల ఏ ఏడాది ఆగిందో అందులో దొరుకుతుంది.