చాప, మొక్క, చాతం

ఇంటికి కొత్తదనం తేవాలన్న కోరిక మనిషికి ఏడాదికి ఒక పర్యాయమైనా కలుగుతుంది. సంక్రాంతికి ముందు గోడలకు సున్నం వేయించే గృహస్థులోను, శ్రావణమాసంలో గడపకు పసుపు పూసే ఇల్లాలిలోను ఉన్న కోరిక ఒకటే. ఇల్లు పాతదే అయినా నిన్నటి ఇల్లుగా కనిపించకూడదు. గోడలను జరపడం మన చేతిలో లేదు. పరుల ఇల్లయితే వాటికి ఒక మేకు కొట్టడం కూడ మన చేతిలో లేదు. మనకు మిగిలే స్వాతంత్ర్యం రెండు చోట్ల మాత్రమే: కాలికింద పరచుకొనేదానిలో, కిటికీ దగ్గర పెంచుకొనేదానిలో. ఒక చాప, ఒక మొక్క. ఇంతటి అల్పవిషయాన్ని గురించి వ్యాసం వ్రాయడమెందుకని పాఠకులు అనుకోవచ్చు. అండమాను దీవులలో ఒక వర్షకాలం గడిపినవారికి మాత్రం ఈ సందేహం కలగదు.

చాతం ఒక చిన్న దీవి. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడి, ఇప్పుడు శ్రీ విజయపురంగా ఉన్న పట్టణపు రేవులో, హాడో అనే పేటను ఆనుకొని ఉన్నది. మధ్య పొట్టి వంతెన ఒకటి. వంతెనకు అవతల 1883లో నెలకొల్పిన కలప కోత మిల్లు, ఇవతల మా రెండు గదుల నివాసం. ఇక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. మే నెలలో నైరుతి ఋతుపవనం ఆరంభించిన పనిని ఈశాన్య ఋతుపవనం డిసెంబరు దాక సాగదీస్తుంది. గాలిలో ఎల్లప్పుడు తేమ. బీరువాలోని తోలు చెప్పులకు బూజు పట్టుతుంది; ఉప్పు జాడీలో నీరు ఊరుతుంది; సిమెంటు నేల, దానిమీద పరచిన రాతి పలకలు ఒక్కొక్క ఉదయం చెమర్చి ఉంటాయి.

ఇటువంటి చోట తివాచీ పరచడం సాహసకార్యం. తెలుగుదేశానికి తివాచీ క్రొత్తది కాదు. ఏలూరులో ఉన్ని తివాచీల నేత శతాబ్దాల నాటిది. పారశీక దేశం నుండి వచ్చి స్థిరపడిన నేతగాండ్రు నేర్పిన విద్యగా దానికి ప్రసిద్ధి. ఓరుగల్లు తివాచీలు 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనకు వెళ్లినవి. ఆ ఊరి నూలు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే ఆ ఉన్ని తివాచీని తెచ్చి ఇక్కడ ఆషాఢమాసంలో నేలమీద పరచి ఉంచితే, భాద్రపదం నాటికి గది అంతా తడిసిన గొఱ్ఱె వాసన. పైభాగం ఎంత శోభాయమానంగా ఉన్నా, అడుగుభాగాన తెల్లని బూజు నిశ్శబ్దంగా తన నేత తాను నేస్తూ ఉంటుంది. ‘చాపకింద నీరు’ అన్నది మన భాషలో కనబడకుండ వ్యాపించే కీడుకు ఉపమానం. ఇక్కడ అది ఉపమానం కాదు. చీపురు పట్టిన ప్రతివారికీ అనుభవంలో ఉన్న సంగతి.

అందువల్ల ఈ వాతావరణానికి తగినది తివాచీ కాదు, చాపయే. తుంగచాప తేలిక, ఉదయం చుట్టి మూల నిలబెట్టవచ్చు, ఎండ మొగం చూపిన గడియలో అరుగుమీద ఆరవేయవచ్చు. తివాచీకి, చాపకు ఉన్న అసలు భేదం వెలలో లేదు, స్వభావంలో ఉన్నది. తివాచీ ఒకసారి పరిస్తే ఇంటి సామానులో ఒకటై పడి ఉంటుంది. చాపను వేయాలి, తీయాలి. మన పల్లెలలో వచ్చినవారికి చాప వేయడమంటే ఆదరించడం. వేసిన ప్రతిసారీ ఆదరణ క్రొత్తదే. నికోబారు దీవులలో మన మొగలి జాతికి చెందిన చెట్టు ఆకులతో చాపలు అల్లుతారు. ఆ చెట్టు పండు వారికి ఆహారం, ఆకు వారికి పరుపు. ఆ చాపను చేతిలోకి తీసుకొన్నప్పుడు నాకు తోచినదేమంటే, తడిగాలిలో బ్రతుకవలసినవారు ఎక్కడివారైనా, ఒకరినొకరు ఎరుగకుండానే, ఒకే తీర్మానానికి వచ్చినారని. పరచినదాన్ని ఎత్తగలిగి ఉండాలి, ఎత్తినదాన్ని ఆరబెట్టగలిగి ఉండాలి.

ఇక మొక్కల సంగతి. చాపకు శత్రువైన తేమ మొక్కకు మిత్రం. మా కిటికీలో మనీప్లాంటు ఉన్నది, క్రోటను ఉన్నది, పక్షిగూడు ఆకారంలో ఆకులు విచ్చుకొనే ఒక ఫెర్ను ఉన్నది. ఈ చివరిది ఇక్కడి అడవులలో చెట్ల కొమ్మలమీదనే పెరుగుతుంది కాబట్టి దానికి మా కిటికీ పరాయిచోటు కాదు. తక్కినవి రెండూ ప్రవాసులే. మనీప్లాంటు జన్మస్థానం పసిఫిక్ సముద్రంలోని మూరియా అనే చిన్న దీవి; క్రోటను మొలుక్కా దీవుల వైపునుండి లోకమంతా వ్యాపించినది. ఒక దీవిలో పుట్టిన తీగ వేరొక దీవిలో, సీసాలోని నీటిలో వేరు వేసి, కొత్త ఆకు తొడిగినప్పుడు, ప్రవాసమంటే దుఃఖమే కానక్కరలేదని మనిషికి కొంచెం ధైర్యం కలుగుతుంది.

ఇంటిలోని మొక్కలు గాలిని శుద్ధిచేస్తాయన్న నమ్మకం ఇటీవల బాగా ప్రచారంలో ఉన్నది. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ మూసిన పెట్టెలలో చేయించిన ప్రయోగాలు దానికి మూలం. 2019లో ఇద్దరు పరిశోధకులు అటువంటి ప్రయోగాల ఫలితాలను సమీక్షించి, మామూలు ఇంటిలో గాలి రాకపోకలు చేసే పనిని మొక్కలచేత చేయించాలంటే, ప్రతి చదరపు మీటరుకు పది మొదలు వెయ్యి కుండీలదాక కావలసి వస్తుందని తేల్చినారు. అంటే మనం కూర్చోవడానికి చోటుండదు. గాలి బాగుండాలంటే కిటికీ తెరవాలి. మొక్కను ఆ బాధ్యతనుండి విముక్తం చేయాలి. కాని ఆ కిటికీని ప్రతి ఉదయం తెరిపించేది ఎవరు? ఆ మొక్కయే. దానికి వెలుగు కావాలని తెరుస్తాము, ఆ గాలిని మనం పీలుస్తాము. మొక్క చేసే మేలు దాని ఆకులలోకంటె, అది మనకు అలవాటు చేసే నడవడిలో ఎక్కువగా ఉన్నది.

ఆ నడవడిలో శ్రమ కూడ ఉన్నది. కుండీ కింది పళ్లెంలో నీరు నిలిస్తే దోమలు పుడతాయి. రోజు విడిచి రోజైనా దాన్ని పారబోయాలి. జనవరి మొదలు ఏప్రిలు దాక వాన ఉండదు. పట్టణానికి ముఖ్యాధారమైన ధనిఖారి జలాశయంలో మట్టం తగ్గితే కుళాయి నీటికి వంతులు ఏర్పడతాయి. ఆ నెలలలో మొక్కలకు దక్కేది బియ్యం కడిగిన నీళ్లే. వానలు వచ్చినవెంటనే పెద్ద నత్తలు బయలుదేరుతాయి. ఆఫ్రికాకు చెందిన ఈ నత్త రెండవ ప్రపంచయుద్ధంలో, జపాను సైన్యం ఈ దీవులను ఆక్రమించిన కాలంలో, ఇక్కడికి చేరినదని చెప్తారు. సైన్యం 1945లో వెళ్లిపోయినది, నత్త వెళ్లలేదు. రాత్రిపూట ఒక్క నత్త లేత మొక్కను మొదలంటా తినివేస్తుంది. పగలు కుండీ అడుగున, తడి నీడలో దాగి ఉంటుంది. కాబట్టి చాపను ఎత్తి చూసినట్లే కుండీని కూడ ఎత్తి చూడాలి. ఈ ఊరిలో గృహాలంకరణ అంటే పైకి కనిపించేదాన్ని అమర్చడం కాదు, అడుగున ఉన్నదాన్ని చూడడం.

ఒక ఉదయం నేను ఈ విధంగా కుండీలను ఎత్తి చూస్తుండగా మా పొరుగున ఉన్న పెద్దావిడ అరుగుమీదనుండి ఒక ప్రశ్న వేసినారు. వారు శ్రీకాకుళం సముద్రతీరం నుండి, పెండ్లయిన కొత్తలో, భర్తతో ఓడ ఎక్కి వచ్చినవారు. “మనది కాని కొంపకి ఈ సోకులేటి బాబూ? రేపు బదిలీ కాయితం వస్తే ఈ కుండీలు నెత్తిమీదెట్టుకుని మోసుకెల్తావా?” అన్నారు. పరిహాసానికే అన్నారు గాని, ఆ ప్రశ్న నన్ను చాలా దినాలు వదలలేదు. ఎందువల్లనంటే, అది నా రెండు గదులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. ఈ దీవుల చరిత్ర అంతా ఆ ప్రశ్నకు ఒక విధమైన సమాధానం.

‘మనది కాదు’ అనుకొన్నవారు ఇక్కడ ఏమి చేసినారో చాతం చెప్తుంది. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఈస్టిండియా కంపెనీ తరపున తొలి స్థావరం ఏర్పరచినది చాతంలోనే. కొన్నేండ్లకు దాన్ని ఉత్తరానికి తరలించి, 1796లో మొత్తానికే విడిచిపెట్టినారు. మరల 1858 మార్చి 10వ తేదీన జేమ్స్ వాకర్ అనే అధికారి రెండువందల మంది ఖైదీలతో వచ్చి, ముందుగా దిగినది చాతంలోనే. తాగే నీరు చాలదని తెలియగానే మకాం రాస్ దీవికి మారినది. ఆ తరువాత చాతానికి కలప మిల్లు వచ్చినది. ఏనుగులు లాగిన దుంగలను తెప్పలుగా కట్టి సముద్రంమీద ఇక్కడికి తెచ్చేవారు. ఎఱ్ఱని పడౌక్, గర్జన్, నలుపు తెలుపు చారల మార్బుల్ కలప ఇక్కడ పలకలై ఓడలెక్కినవి. పడౌక్ పలకలు ఇంగ్లండుకు, అమెరికాకు వెళ్లినవి; పుల్‌మన్ రైలుపెట్టెల లోపలి అలంకరణకు అమరినవి. ఎవరి ఇంటినో సింగారించడానికి ఒక అడవి తరలిపోయినది. 1942 మార్చిలో జపాను విమానాలు వేసిన బాంబు గొయ్యి మిల్లు ఆవరణలో నేటికీ ఉన్నది. 2002లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతమీద, కలప ఎగుమతిమీద కఠినమైన కట్టుబాట్లు విధించిన తరువాతగాని ఆ ప్రవాహం తగ్గలేదు.

ఇన్ని తరాల యజమానులకు ఈ నేల గిడ్డంగి అయినది, చెర అయినది, రేవు అయినది; ఇల్లు మాత్రం కాలేదు. ఇప్పటికీ విహారానికి వచ్చినవారిలో కొందరు, తమ గదిలోని పూలకుండీ చుట్టూ పేర్చడానికని, సముద్రపుటొడ్డున పగడపు ముక్కలు ఏరుకొంటూ కనిపిస్తారు. పగడాలు చట్టరక్షణలో ఉన్నవి. చట్టం మాట అటుంచినా, ఒక ఇంటికి అందం తేవడం కోసం మరొక ఇంటిని ఊడదీయడం పాత వ్యాపారానికి చిన్న రూపమే గదా!

మరి దీన్ని ఇల్లు చేసినదెవరు? ఖైదీలుగా వచ్చి శిక్ష ముగిసినాక ఉండిపోయినవారు. దేశవిభజన తరువాత వచ్చిన బెంగాలు శరణార్థులు. చేపల వేటకు, కూలికి, చిన్న వర్తకానికి వచ్చిన మనవారు. 2011 జనాభా లెక్కలలో ఇక్కడ మాతృభాషలుగా బెంగాలీ, హిందీ, తమిళాల తరువాతి స్థానం తెలుగుది. జంగ్లీఘాట్ రేవులో సాయంకాలం నిలబడితే శ్రీకాకుళం యాస వినకుండ ఇంటికి చేరడం కష్టం. వీరెవ్వరూ ఈ నేలను తమది చేసుకొని దానిని సాకలేదు. సాకిన మీదటనే అది వారిది అయినది.

ఆ పెద్దావిడనే చూడండి. నన్ను ప్రశ్నించిన నోటితోనే వారు తమ అరుగుమీది నూనె డబ్బాలోని కరివేపాకు మొక్కను పలుకరిస్తారు. ప్రక్కనే వామాకు, తులసి, గోడవెంట ప్రాకిన తమలపాకు తీగ. వారి ఇల్లు కూడ సొంతం కాదు. ‘పెరటిచెట్టు మందుకు పనికిరాదు’ అన్న సామెత పెరడు ఉన్నవారు కల్పించుకొన్నది. పెరడు లేనివారికి డబ్బాలోని చెట్టే మందు, అదే పెరడు, అదే పుట్టిల్లు. సంవత్సరానికి ఒకసారి వారికి విశాఖపట్నం ఓడలో తుంగచాపల కట్ట వస్తుంది. ఒకటి తాము ఉంచుకొని తక్కినవి ఇరుగుపొరుగులకు పంచుతారు. నేను కూర్చొని వ్రాస్తున్నది అటువంటి చాపమీదనే.

కాలికింది నేల స్థిరమన్న భ్రమకు కూడ ఇక్కడ తావు లేదు. 2004 డిసెంబరు 26వ తేదీ భూకంపంలో ఈ ప్రాంతపు నేల సుమారు ఒక మీటరు క్రుంగినది. పట్టణానికి దగ్గరలోని సిప్పీఘాట్‌లో నాటిదాక వరి పండిన పొలాలలో ఉప్పునీరు చేరి నిలిచిపోయినది. పట్టా ఉన్నవారి పొలమూ మునిగినది. ‘మనది’ అన్న మాటకు సముద్రం ఇచ్చే విలువ అంతే. అప్పుడు మనది కానిదెందుకు సాకాలి అన్న ప్రశ్న తలక్రిందులై, మనదంటూ ఏదైనా ఉంటే అది మనం సాకుతున్నంత కాలమే గదా అనిపిస్తుంది.

పెద్దావిడకు నేను ఇవ్వవలసిన జవాబు మా ఇంటి కిటికీలోనే ఉన్నది. నేను ఈ ఇంటిలో చేరిననాటికే మూడు కుండీలు అక్కడ ఉన్నవి. నాకు ముందు ఉన్నవారు వాటిని నెత్తిమీద మోసుకొని వెళ్లలేదు. నీరు పోసి, తాళం వేసి, వెళ్లిపోయినారు. తాళంచెవి నాకందేవరకు ఎవరో కిటికీలోనుండి నీళ్లు చల్లుతూ ఉన్నారు. ఆ చేయి ఎవరిదో ఆలస్యంగా తెలిసినది. సోకులెందుకని అడిగినవారిదే ఆ చేయి. బదిలీ కాగితం వచ్చిననాడు నేనూ అంతే చేస్తాను. చాపను ఆరబెట్టి, చుట్టి, మూల నిలబెట్టుతాను. కుండీలను ఒకసారి ఎత్తి, అడుగున నత్త లేదని చూసి, వెలుగు పడే చోట పెట్టుతాను. తరువాత వచ్చేవారికి అవి ఎవరివో తెలియవలసిన పని లేదు.